నాజో అనా: "రాజుగారి తల్లి" సంగతి తర్వాత, ముందు ఆ నాలుగు పాదాలు చదవండి

మీరు అడిగింది ఇది. మీ అమ్మాయి కాలేజీలో పది నిమిషాలు ఆఫ్ఘన్ కవయిత్రి నాజో అనా గురించి మాట్లాడాలనుకుంది. వెతికితే ఒక్కోచోట ఒక్కో మాట కనిపించింది. ఒకరు అహ్మద్ షా అబ్దాలీ తల్లి అన్నారు, ఇంకొకరు మీర్వైస్ తల్లి అన్నారు, కత్తి పట్టి కోటను కాపాడిందని ఒకరు రాస్తే ఆ కథంతా తర్వాత పుట్టించిందేనని మరొకరు రాశారు. ఏది నమ్మాలి, ఏది చెప్పాలి అని టెన్షన్ పడుతున్నారు. ఉర్దూ నుంచి ఫార్సీకి, అక్కడి నుంచి పష్తోకి వెళ్లి పదిహేనేళ్లకు పైగా ఆ సాహిత్యమే చదువుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ ఇద్దరు తల్లుల గొడవ తేల్చేద్దాం. అహ్మద్ షా అబ్దాలీ, అంటే 1761లో పానిపట్టులో మరాఠాలతో యుద్ధం చేసినాయన, ఆయన తల్లి పేరు జర్ఘూనా అనా. నాజో అనా అంతకంటే ముందు తరాల మనిషి. ఆమె కొడుకు మీర్వైస్ హోతక్, 1709లో కాందహార్‌ను ఇరాన్ సఫవీల చేతిలోంచి విడిపించినవాడు. ఇద్దరూ పష్తూన్లే అయినా తెగలు వేరు. నాజోది ఘిల్జాయ్‌లలో తోఖీ శాఖ, అహ్మద్ షాది అబ్దాలీలలో సదోజాయ్ శాఖ. ఇద్దరి పేర్ల చివరా "అనా" ఉండటం వల్లే ఈ తికమక. పష్తోలో అనా అంటే అవ్వ, నాయనమ్మ, అమ్మమ్మ. మీర్వైస్‌ను అక్కడివాళ్లు "మీర్వైస్ నికా" అంటారు, నికా అంటే తాత. అహ్మద్ షాను "బాబా" అంటారు. మొత్తం జాతికి పెద్దలని భావించి పెట్టుకున్న వరసలివి. నాజో అసలు పేరు, అనా జనం ఇచ్చిన వరస. మనం చెప్పాలంటే "నాజో అవ్వ". మీ అమ్మాయి ఈ ఒక్క మాటతో మొదలుపెట్టినా వినేవాళ్లకు ఆవిడ దగ్గరవుతుంది. నాజో అన్న పేరు కూడా మనకు మరీ కొత్తది కాదు, ఫార్సీ "నాజ్" నుంచి వచ్చింది, మనం వాడే నాజూకు దానికి చుట్టమే.

ఇక ఆమె జీవితం. 1651లో కాందహార్ ప్రాంతంలో పుట్టిందని, 1717లో పోయిందని చెబుతారు. తండ్రి సుల్తాన్ మలఖాయ్, తోఖీ తెగ పెద్ద. ఆమె పుట్టేనాటికి ఆ ఊరి పరిస్థితి ఎలా ఉందో తెలిస్తే మిగతా కథ బాగా అర్థమవుతుంది. కాందహార్ అటు ఇరాన్‌కీ ఇటు మొగలులకీ మధ్య వాకిలి లాంటిది. ఇండియా నుంచి ఇరాన్ వెళ్లే వర్తకపు బిడారులు అక్కడ ఆగి సుంకం కట్టి కదలాలి, కాబట్టి రెండు రాజ్యాలకీ దాని మీదే కన్ను. 1649లో సఫవీ షా అబ్బాస్ II దాన్ని మొగలుల నుంచి పట్టుకున్నాడు. షాజహాన్ ఊరుకోలేదు, ఔరంగజేబును 1649లో ఒకసారి, 1652లో ఇంకోసారి పంపాడు, 1653లో దారా షికోను పంపాడు, మూడుసార్లూ కోట దక్కలేదు. 1687లో మన గోల్కొండను తీసుకున్న ఔరంగజేబే, కుర్రతనంలో కాందహార్ గోడల ముందు రెండుసార్లు ఓడి వెనక్కి వెళ్లాడు. నాజో పుట్టింది సరిగ్గా ఆ ముట్టడుల మధ్యలో. పెద్ద రాజ్యాలు వచ్చి కొట్టుకుంటుంటే నలిగేది అక్కడి తెగలు, వాళ్లకు నగరం మీద అధికారం లేదు, కానీ పంటలు పోయేది వాళ్లవే, చచ్చేది వాళ్ల మనుషులే.

తండ్రి ఆమెకు చదువు చెప్పించాడు. ఆయన సూర్ ఘర్ అనే కొండ దగ్గర పోరులో చనిపోయాడట, పగ తీర్చుకోవడానికి ఆయన కొడుకు బయల్దేరుతూ ఇల్లూ కోటా తన తోబుట్టువు నాజోకి అప్పగించి వెళ్లాడట, ఆమె కత్తి కట్టుకుని మగవాళ్లతో కలిసి కాపలా కాసిందట. మీరు ఇంటర్నెట్‌లో చూసిన వీరనారి కథ ఇదే. దీన్ని మీ అమ్మాయి సినిమా సీన్‌లా చెప్పకుండా చూడండి. పష్తూన్ల కట్టుబాటు పష్తూన్‌వలీలో "బదల్" అని ఒకటుంది, చంపినవాడికి బదులు తీర్చటం అన్నమాట, అది మగపిల్లవాడి నెత్తిన పడే బాధ్యత. వాడు అలా వెళ్లినప్పుడు ఇంటిని నిలబెట్టాల్సింది ఆడవాళ్లే, ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఆ పని చేసి ఉంటారో ఆలోచించండి. వాళ్లలో ఒకామెకు చదువొచ్చు, పద్యం కట్టడం వచ్చు, అందుకని ఆమె పేరు మిగిలింది.

పెళ్లి హోతక్ శాఖకు చెందిన సాలిం ఖాన్‌తో జరిగింది. హోతక్‌లూ తోఖీలూ ఇద్దరూ ఘిల్జాయ్‌లే, అంటే దాయాది శాఖల మధ్య సంబంధం. 1673లో మీర్వైస్ పుట్టాడు. ఆ రాత్రి ఆమెకు కల వచ్చిందని, కలలో బేట్ నికా కనిపించి ఈ బిడ్డను జాగ్రత్తగా పెంచు, పెద్దవాడై గొప్ప పనులు చేస్తాడు అన్నాడని కథ. మహాపురుషుల తల్లులందరికీ ఇలాంటి కల ఒకటి కడతారు, అది వేరే సంగతి. నాకు ఇందులో ఆసక్తి కలిగించేది కలలో కనిపించినాయన ఎవరన్నది. బేట్ నికా ఘిల్జాయ్‌ల మూలపురుషుల్లో ఒకడు, అయితే ఆయనతో వాళ్ల బంధుత్వం కొడుకు ద్వారా రాదు, ఆయన కూతురు బీబీ మతో ద్వారా వస్తుంది. పూర్తిగా తండ్రి వంశమే లెక్కలోకి వచ్చే సమాజంలో ఘిల్జాయ్‌ల వంశవృక్షం మొదట్లో ఒక కూతురు ఉంది. నాజోకి కలలో కనిపించింది ఆ కూతురి తండ్రి. ఈ కథ కట్టినవాళ్లకు ఆ పాత తల్లి గుర్తుండే కట్టారని నా నమ్మకం.

కొడుకు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆయన గురించి ఎక్కడైనా దొరుకుతుంది. మీర్వైస్ కాందహార్ కలాంతర్, అంటే నగర పెద్ద, బాగా డబ్బున్న వర్తకుడు కూడా. 1704లో సఫవీలు గుర్గీన్ ఖాన్ అనే జార్జియా రాజవంశీకుణ్ణి గవర్నర్‌గా పంపారు, అతను జనాన్ని చాలా పీడించాడు. మీర్వైస్ మీద అనుమానంతో ఆయన్ని బందీగా ఇస్ఫహాన్ పంపితే, అక్కడ ఆయన షా సుల్తాన్ హుస్సేన్ నమ్మకమే సంపాదించాడు, హజ్‌కి వెళ్లి మక్కా మతపెద్దల నుంచి ఈ పాలకుల మీద తిరగబడటం తప్పు కాదని ఫత్వా తెచ్చుకున్నాడు, ఇంటికి తిరిగొచ్చాడు. 1709 ఏప్రిల్‌లో గుర్గీన్‌ను నగరం బయట చంపి కాందహార్‌ను చేతిలోకి తీసుకున్నాడు. 1711లో గుర్గీన్ తమ్ముడి కొడుకు కైఖుస్రో పెద్ద సైన్యంతో వచ్చి తనూ చచ్చిపోయాడు. మీర్వైస్ 1715లో పోయేదాకా కాందహార్ ఆయన చేతిలోనే ఉంది. ఒక్క విషయం గమనించండి, ఆయన "షా" బిరుదు తీసుకోలేదు. ఆ బిరుదు తీసుకున్నది ఆయన కొడుకు మహమూద్, 1722 మార్చిలో గుల్నాబాద్ యుద్ధం గెలిచి, నెలల తరబడి ఇస్ఫహాన్‌ను ముట్టడించి, ఆకలితో ఆ నగరాన్ని లొంగదీసుకున్న తర్వాత. కాబట్టి నాజోను రాజుగారి తల్లి అనడం కంటే పాలకుడి తల్లి, రాజుల నాయనమ్మ అనడం సరైనది.

ఇందులో ఆమె పాత్ర ఎంత అన్నది మీ రెండో ప్రశ్న. ఘిల్జాయ్‌లకూ అబ్దాలీలకూ మధ్య పాత వైరం ఉండేది, నాజో ఆ తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చుని, మనలో మనం కొట్టుకుంటే బయటివాడికే లాభం అని నచ్చజెప్పేదని సంప్రదాయం చెబుతుంది. పష్తూన్‌వలీనే అందరికీ ఉమ్మడి చట్టంగా పెట్టుకుందామన్నది కూడా ఆమె మాటేనంటారు. దీనికి చేవ్రాలు, దస్తావేజు లేదు. అయితే దీనికి ఒత్తాసుగా ఒక సంగతి ఉంది: మీర్వైస్ చేసుకున్నది ఖాన్‌జాదా అనే సదోజాయ్ అమ్మాయిని, అంటే వైరి వర్గపు పిల్లను. అలాంటి సంబంధం ఇంట్లో పెద్ద ఆడమనిషి మాట లేకుండా కుదరదు, ఆ ఊళ్లలోనైనా మన ఊళ్లలోనైనా. నా అభిప్రాయంలో నాజో రాజకీయం గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ నేను రాసింది చదివితే మీకూ అనిపించి ఉండాలి, ఆమెను పరిచయం చేసే ప్రతివాళ్లూ తండ్రి, కొడుకు, కోట, కల అని చుట్టూ తిరుగుతారు కానీ కవయిత్రి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేస్తారు. మిగిలింది నాలుగే పాదాలు కదా అని కాబోలు. ఆ నాలుగు పాదాలు చూడండి, తెలుగులోకి నేనే తెచ్చాను:

వేకువ వేళ నర్గిస్ కన్ను చెమ్మగిలి ఉంది,
చుక్క చుక్కగా నీరు కారుతూ ఉంది.
"ఏమైంది అందాల పువ్వా, ఎందుకేడుస్తున్నావు?" అన్నాను.
"నా బతుకంతా ఒక్క నోటి నవ్వే కదా" అంది.

మొదటిసారి చదివినప్పుడు నేనూ తేలిగ్గా తీసుకున్నాను. నర్గిస్ పువ్వును కంటితో పోల్చడం ఫార్సీ కవిత్వంలో అరిగిపోయిన పోలిక, పుటకొకటి దొరుకుతుంది. మామూలుగా అది ప్రియురాలి కన్ను, మత్తెక్కిన కన్ను, కవి దాన్ని చూసి మురిసిపోతాడు. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన ఒక కాందహార్ అమ్మాయి దీన్ని బిగ్గరగా చదివి వినిపించాక నాకు తేడా తెలిసింది. నాజో ఆ కంటిని వర్ణించదు, పలకరిస్తుంది. పక్కింటి పిల్ల గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే ఆగి అడిగినట్టు, ఏమైంది, ఎందుకేడుస్తున్నావు అని అడుగుతుంది. ఇన్ని వందల పద్యాల్లో నర్గిస్‌ను చూసినవాళ్లే కానీ దాని కష్టం అడిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

జవాబు ఇంకా బాగుంటుంది. "యవా ఖులా ఖందేదా" అంటుంది పువ్వు. యవా అంటే ఒక, ఖులా అంటే నోరు, ఖందేదా అంటే నవ్వడం. ఒక నోరు నిండేంత నవ్వు. మనం గుక్కెడు నీళ్లు, పిడికెడు మెతుకులు, చిటికెడు ఉప్పు అని శరీరంతోనే కొలుస్తాం కదా, అలా ఒక నోటితో కొలిచిన నవ్వు. పువ్వు నవ్వడమంటే విచ్చుకోవడం, అది తెలుగులోనూ ఉన్న మాటే. ఒకసారి విచ్చుకుంటుంది, అంతే, దాని బతుకు అయిపోయింది. ఆయుష్షు తక్కువ అని ఏడుస్తున్నదే ఆ ఆయుష్షును నవ్వుతో కొలిచి చెబుతోంది. ఇంగ్లీషు అనువాదాలు కొన్ని దీన్ని ఐదారు పాదాలకు సాగదీసి, జీవితం క్షణికం, అందం వాడిపోతుంది అని విడమర్చి చెప్పేశాయి. మీ అమ్మాయిని వాటి జోలికి పోవద్దనండి. పువ్వు అన్నది ఒక్క మాట, అక్కడితో పద్యం ఆగిపోయింది, మనమూ అక్కడే ఆగాలి.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. రెండో పాదం "ౘాౘ్కీ ౘాౘ్కీ" అని మొదలవుతుంది, బొట్టు బొట్టుగా అని. చివర "ౘౘేదా", కారడం. ఈ ౘ మన "చిలక"లో చ కాదు, "చాప"లో, "చాలు"లో పలికే చ. ఈ శబ్దం పలకలేక ఇంగ్లీషు వాళ్లూ హిందీ వాళ్లూ అవస్థ పడతారు, మనకు పుట్టుకతోనే వచ్చేసింది. ఆ పాదాన్ని సరిగ్గా పలికితే మంచు చుక్కలు రాలుతున్న చప్పుడు వినిపిస్తుంది. అలాగే "జడ"లో, "జాలి"లో మనం పలికే జ కూడా పష్తోలో ఉంది, దానికి ప్రత్యేకంగా ఒక అక్షరం కూడా ఉంది. ఈ రెండో అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి, ఆ కథంతా తర్వాత పుట్టించిందేనా అన్న మీ మూడో ప్రశ్నకు జవాబు దాంట్లోనే ఉంది.

ఇదంతా కల్పితమని ఎవరో రాశారన్నారు కదా, ఆ మాటకు ఆధారం ఉంది, దాచకుండా చెప్పాలి. నాజో గురించి మనకు తెలిసిన వివరాల్లో చాలావరకు, ఈ నాలుగు పాదాలతో సహా, ఒకే పుస్తకంలోంచి వచ్చాయి. దాని పేరు పటా ఖజానా, అంటే దాచిన నిధి. పష్తో కవుల జీవితాలు, పద్యాలు ఉన్న సంకలనం, ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. కాందహార్‌లో షా హుస్సేన్ హోతక్ కొలువులో మహమ్మద్ హోతక్ అనే ఆయన 1729 ప్రాంతంలో దీన్ని రాశాడని ఆ పుస్తకమే చెబుతుంది. షా హుస్సేన్ మీర్వైస్ కొడుకు, అంటే నాజో మనవడు. ఈ పుస్తకాన్ని 1944లో ఆఫ్ఘన్ పండితుడు అబ్దుల్ హై హబీబీ వెలుగులోకి తెచ్చి అచ్చు వేయించాడు. ఆయనది కూడా కాందహారే.

పేచీ ఎక్కడొచ్చిందంటే, ఇందాక చెప్పిన జ అక్షరం, దాంతోపాటు మన ణ లాంటి ఒక అక్షరం, ఈ రెండూ 1936లో ఆఫ్ఘన్ ప్రభుత్వం లిపిని సంస్కరించాక స్థిరపడ్డ రూపాల్లో ఆ రాతప్రతిలో ఉన్నాయి. బ్రిటిష్ భాషావేత్త డేవిడ్ మెకెంజీ దీన్ని పట్టుకుని, ఇది పద్దెనిమిదో శతాబ్దపు ప్రతి అయ్యే అవకాశమే లేదు, దొరికిందన్న సమయానికి కాస్త ముందు తయారుచేసిందే అన్నాడు. పష్తో పండితుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు, పాత ప్రతిని ఎత్తిరాసినవాళ్లు తమ కాలపు అక్షరాలు వాడి ఉండొచ్చు కదా అంటారు. అలా ఎత్తిరాయడంలో అక్షరాలు మారడం మన తాళపత్రాల విషయంలోనూ మామూలే. నా మట్టుకు మెకెంజీ వాదన గట్టిదనే అనిపిస్తుంది, ముఖ్యంగా ఆ పుస్తకంలో ఎనిమిదో శతాబ్దం నాటివని చెప్పే పద్యాల విషయంలో. నాజో సంగతి కొంచెం వేరు. ఆమె కొడుకూ మనవలూ చరిత్రలో గట్టిగా నిలబడి ఉన్నవాళ్లు, ఇస్ఫహాన్‌లో ఉన్న పోలండ్ జెసూట్ క్రుసిన్‌స్కీ లాంటి సమకాలికులు వాళ్ల గురించి రాశారు. కానీ ఈ నాలుగు పాదాలు ఆమె నోటివే అని కోర్టులో నిరూపించమంటే ఎవరివల్లా కాదు.

అయితే మానేయాలా అని అడగకండి. మానొద్దు. "ఆమె పేర చెప్పుకునే పద్యం" అనండి, చాలు. పష్తో ఆడవాళ్ల కవిత్వంలో పేరు లేకపోవడమే ఎక్కువ. లండై అని రెండు పాదాల పాటలుంటాయి, మొదటి పాదం తొమ్మిది అక్షరాలు, రెండోది పదమూడు, నీళ్లకు వెళ్తూ, పెళ్లిళ్లలో పాడుకుంటూ ఆడవాళ్లే కట్టినవి వేలల్లో ఉన్నాయి, దాదాపు వేటి కిందా కట్టినామె పేరుండదు. పేరు బయటపడితే ఇంటి పరువు పోతుందన్న భయం అలాంటిది. అలాంటిచోట ఒక పద్యాన్ని ఫలానా అవ్వది అని పేరు పెట్టి తరతరాలు చెప్పుకోవడమే ఆ జాతి ఆమెకిచ్చిన గౌరవం.

ఇంకొక మనిషి ఉంది, ఆమెను వదిలేస్తే నాజో కథ సగమే అవుతుంది. మనవరాలు జైనబ్, మీర్వైస్ కూతురు. మహమూద్ చనిపోయాడని కబురొచ్చినప్పుడు ఆమె పాడిందని చెప్పే ఏడుపు పాట కూడా అదే పుస్తకంలో ఉంది, అన్న లోకం దాటిపోయాడన్న మాట వినిపించింది, కాందహార్ అంతా కన్నీళ్లయింది అని మొదలవుతుంది. 1738లో నాదిర్ షా ఏడాది ముట్టడి తర్వాత కాందహార్‌లోకి చొచ్చుకొచ్చినప్పుడు షా హుస్సేన్ ప్రాణభిక్ష అడగడానికి పంపింది ఈ అక్క జైనబ్‌నే, కొందరు తెగ పెద్దల్ని తోడిచ్చి. నాదిర్ ఒప్పుకున్నాడు. ఆ కోటలోనే హుస్సేన్ బందీగా ఉంచిన ఒక అబ్దాలీ కుర్రాణ్ణి నాదిర్ విడిపించి తన కొలువులో చేర్చుకున్నాడు, ఆ కుర్రాడే అహ్మద్ షా, జర్ఘూనా కొడుకు. మరుసటి ఏడాది నాదిర్ ఢిల్లీని దోచినప్పుడు మన కృష్ణా తీరపు కొల్లూరు గనిదని చెప్పే కోహినూర్ కూడా వెళ్లింది, 1747లో నాదిర్ హత్య తర్వాత అది అహ్మద్ షా చేతికి వచ్చింది. మీ అమ్మాయికి మన ప్రాంతంతో లింకు కావాలంటే ఇదుంది, కానీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవాలి. కోహినూర్ పేరెత్తితే హాల్లో ఇక ఎవరూ నాజో గురించి వినరు.

ఈ రోజు సంగతి కూడా చెప్పమనండి. ఆఫ్ఘనిస్తాన్‌లో నాజో అనా పేరుతో ఆడపిల్లల బడులున్నాయి, కాబూల్‌లో జర్ఘూనా పేరుతో పెద్ద ఉన్నత పాఠశాల ఉంది. 2021 సెప్టెంబర్ నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు అక్కడ బడి లేదు. 2022 మార్చి 23న తెరుస్తామని చెప్పి, పిల్లలు బ్యాగులు వేసుకుని వచ్చాక అదే రోజు వెనక్కి పంపేశారు. నాకు పద్యం చదివి వినిపించిన అమ్మాయి చెల్లెలు ఆ రోజు బడికి వెళ్లి తిరిగొచ్చిన వాళ్లలో ఒకతి. మూడున్నర శతాబ్దాల కిందట ఒక తెగ పెద్ద తన కూతురికి అక్షరాలు నేర్పించాడని గర్వంగా చెప్పుకునే నేల అది.

పది నిమిషాల్లో ఇంత పట్టదు కాబట్టి ఇలా చేయమనండి. పరిచయం లేకుండా నేరుగా పష్తోలో రెండో పాదం, నాలుగో పాదం చదవాలి, వెంటనే తెలుగు. తర్వాత అవ్వ ఎవరో చెప్పాలి, కోట, కల, కొడుకు మూడు నిమిషాలకు మించకూడదు. పటా ఖజానా పేచీని ఒక నిమిషం చెప్పాలి, దాటేయకూడదు, ఎవరైనా లేచి అడిగితే తడబడకుండా ఉంటుంది. జైనబ్‌కు రెండు నిమిషాలు, బడులకు రెండు. "ఖులా", "ఖందేదా" రెండింట్లోనూ ఖ మన ఖ కాదు, ఉర్దూ "ఖబర్"లో లాగా గొంతు లోపల గీరుకుంటూ రావాలి, అది మాత్రం ప్రాక్టీస్ చేయాలి. ౘ గురించి బెంగ లేదు. ఫోన్‌లో రికార్డ్ చేసి పంపితే విని ఎక్కడ సరిచేసుకోవాలో చెప్తాను.